తారిప్ బడిలో పనిచేసిన రోజు

మా సెలిడాన్ ఊళ్ళో బదులుపనికి పిలిస్తే రానని అనరు. ఈ రోజు నువ్వు నా చేలో కలుపు తీస్తే, ఇంకో రోజు నేను నీ చేలో తీస్తాను. పిలిచినవాడు మధ్యాహ్నం అన్నం పెట్టాలి. పొద్దు గూకేలోగా పనికొచ్చినవాణ్ణి కాలూ చెయ్యీ సరిగ్గా ఉండగా ఇంటికి పంపాలి. ఇంట్లో చావో పురుడో ఉంటే తప్ప, పిలిచాక వెళ్ళకపోవడమనేది లేదు. మా కెదయాన్ జనంలో తాతల నాటి నుంచీ ఇదే పద్ధతి.

మొర్షిది మాస్టారు కూచింగ్ వైపు నుంచి వచ్చాడు. సన్నటి మనిషి. మాట మెల్లన. మా చెల్లెలు పియుట్‌ను చేసుకుని మా ఊళ్ళోనే ఉండిపోయాడు. ఏటి ఒడ్డున గుంజల మీద కట్టిన ఒంటిగది బడి ఆయనది. పక్కనే వాళ్ళ ఇల్లు. తననూ బదులుపనిలో కలుపుకోమని ఆయనే అడిగాడు. మొదటిసారి తారిప్ చేలో దిగాడు. కలుపుతో పాటు వరి కూడా పీకాడు.

తారిప్ మా పెద్దమ్మ కొడుకు. పెద్ద గొంతు, పెద్ద చేతులు. భార్య చనిపోయింది. ఒక్కతే కూతురు మస్నా. ఆ రోజు నడుం మీద చేతులు వేసుకుని మాస్టారి వెనకే నిలబడ్డాడు.

"బావగారూ, కలుపు ఒంటరిగా పోతే భయపడుతుందని వరిని తోడు పంపుతున్నారా?"

చేలో ఉన్నవాళ్ళంతా విరగబడి నవ్వారు. మాస్టారు కూడా నవ్వాడు. అరచేతులు బొబ్బలెక్కి చితికినా చీకటిపడేదాకా వంచిన నడుం ఎత్తలేదు. తారిప్ దాన్ని తాను బదులు తీర్చాల్సిన రోజుగానే ఒప్పుకున్నాడు.

పంతొమ్మిది వందల అరవై రెండులో దేశాలు కలుస్తాయన్న కబురు వచ్చింది. మలయా, సింగపూర్, మా సరవాక్, పక్కనున్న బ్రూనై, ఉత్తర బోర్నియో, అన్నీ కలిసి ఒకే పెద్ద దేశం అవుతాయట. తెల్ల దొరలు వెళ్ళిపోతారట. బళ్ళకు బొమ్మల కాగితాలు పంపి పిల్లలకు చెప్పమన్నారు. నేను అప్పుడు బడి కప్పుకు కొత్త ఆకు కడుతున్నాను. కింద పాఠమంతా వినబడేది.

బొమ్మలో ఒక గొడుగు కింద ఐదుగురు అన్నదమ్ములు ఉన్నారు.

"ఒక్క గొడుగు కింద ఐదుగురు ఎలా పడతారు మాస్టారూ? చివరివాడు తడుస్తాడుగా," అన్నాడొక పిల్లాడు.

మాస్టారు బొమ్మ తిప్పి పక్కన పెట్టాడు. "గొడుగు వద్దు. ఐదు ఇళ్ళు అనుకోండి. ఐదు చేలు. బదులుపనికి ఒక గుంపు కట్టారు. ఒకరి చేలో వరదొస్తే నలుగురూ వస్తారు. దొంగలు పడితే నలుగురూ వస్తారు. మలయా పెద్దిల్లు. జనం ఎక్కువ."

మస్నా లేచింది. "పెద్దిల్లు మనల్ని రోజూ పిలిచి, మనం పిలిస్తే రాకపోతే?"

"సభలో అడగాలి."

"అడిగినా రాకపోతే?"

"మళ్ళీ అడగాలి."

"ఎన్నిసార్లు?"

"గొంతు పోయేదాకా."

పిల్లలు నవ్వారు. మస్నా కూర్చోలేదు. "నచ్చకపోతే గుంపులోంచి బయటికి రావచ్చా మాస్టారూ? మా నాన్న పైవాడ గుంపులోంచి వచ్చేశాడు."

మాస్టారు కాగితం తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇందులో ఆ మాట రాయలేదమ్మా. నాకు తెలీదు."

పిల్లలు ఇళ్ళకు వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పారు. ముసలమ్మలు తమలపాకు నములుతూ, "బదులుపనే కదా, అందులో భయమేముంది," అన్నారు. ఊళ్ళో సగం మందికి అప్పటిదాకా ఆ సంగతే అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక అంత చెడ్డగా అనిపించలేదు.

గాపర్‌కు ఒళ్ళు మండింది అక్కడే. గాపర్ ఏటి దిగువ నుంచి వచ్చినవాడు. అడవిలో కుర్రాళ్ళకు చెక్క తుపాకులతో కవాతు నేర్పేవాడు. మలయాతో కలవకూడదు, బోర్నియోలో ఉన్న మన మూడు దేశాలూ మనకే ఉండాలి, మనల్ని ఎవరడిగారు అనేవాడు. ఆ చివరి మాట నిజమే. మమ్మల్ని ఎవరూ అడగలేదు. తారిప్ ఆ మాటకే వాడితో చేరాడు.

"ఊరూరా తిరిగి నేను చెప్పిందంతా ఆ పంతులు ఒక్క పూటలో చెడగొట్టాడు," అని గాపర్ రేవు దగ్గర అందరూ వింటుండగా అన్నాడు. "వాడి నాలుక సంగతి తరవాత చూద్దాం."

నేను ఆ మాట మాస్టారికి చెప్పాను. కొన్నాళ్ళు కూచింగ్ వెళ్ళిపొమ్మన్నాను.

"పాఠం చెప్పి పారిపోతే అది అబద్ధమని పిల్లలు అనుకుంటారు కదయ్యా," అన్నాడు.

వానలు ముదిరాయి. డిసెంబరులో ఒక సాయంత్రం తారిప్ మా మెట్ల దగ్గరికి వచ్చాడు.

"ఒరే లామిట్, రేపు నా రోజు. తెల్లారకముందే రేవుకి రా. కత్తి తెచ్చుకో."

"ఏ చేను?"

"వస్తే తెలుస్తుంది."

వెళ్ళాను. రేవులో మాస్టారు తప్ప ఊరి మగవాళ్ళంతా ఉన్నారు. అందరినీ తారిప్, వాడి జతగాళ్ళు బదులుపనికనే పిలిచారు. ముసలి దమిత్ తాటాకు టోపీ పెట్టుకుని, కలుపు కొక్కెం భుజాన వేసుకుని, ఆకులో చుట్టిన జిగురు బియ్యం ముద్దలు బుట్టనిండా తెచ్చుకున్నాడు. గాపర్ ఆకుపచ్చ బట్టల్లో పడవ ముందు నిలబడి అందరి చేతులకూ గుడ్డపట్టీ కట్టించాడు.

"పొలం ఎక్కడ నాయనా?" దమిత్ అడిగాడు.

"పోలీసు ఠాణా," అన్నాడు గాపర్.

దమిత్ తారిప్ మొహం చూశాడు. తారిప్ ఏటి వైపు చూస్తున్నాడు. ఎవరూ వెనక్కి పోలేదు. పిలిచిన రోజు అది. వచ్చేశాక పని నచ్చలేదని ఇంటికి పోయినవాణ్ణి మేము ఎప్పుడూ చూడలేదు. పడవలెక్కాం.

ఠాణా ఏటి మలుపులో ఉంది. కాపలా పోలీసు మెట్ల మీద కూర్చుని పళ్ళు తోముకుంటున్నాడు. గాపర్ కుర్రాడొకడు గుండెల్లో కాల్చాడు. అతను కూర్చున్నవాడు కూర్చున్నట్టే వెనక్కి ఒరిగాడు. నోట్లో నురగ ఎర్రబడింది. లోపల ఇద్దరు మంచాల మీంచి లేస్తుండగానే తలుపు విరిగింది. ఒకడు కిటికీలోంచి దూకాడు. కింద తారిప్ ఉన్నాడు. మచ్చుకత్తి మెడకూ భుజానికీ మధ్య దిగింది. లాగితే రాలేదు. కాలు అతని ఛాతీ మీద పెట్టి లాగాడు. వేడి నెత్తురు తారిప్ చొక్కా మీద, నా మోకాళ్ళ మీద పడింది. రెండోవాడు చేతులెత్తి మోకరిల్లి పిల్లల పేర్లు చెప్పాడు. గాపర్ వాణ్ణి తుపాకి మడమతో పడేదాకా కొట్టించి, తాడుతో గుంజకు కట్టించాడు. మధ్యాహ్నానికి వాడు కూడా చనిపోయాడు.

దమిత్ బుట్ట కింద పడి ముద్దలన్నీ బురదలో దొర్లాయి. ఆయన వాటిని ఏరుకుంటూ కూర్చున్నాడు.

"ఇక ఇంటికి పోతాం," అన్నారు కొందరు.

"ఇప్పుడు మీ చేతులకీ అంటింది," అన్నాడు గాపర్. "ఇంటికి పోయి ఏ నీళ్ళతో కడుగుతారు?"

అదే రోజు మాస్టార్ని పట్టుకున్నారు. చేతులు వెనక్కి విరిచి కట్టి తారిప్ ఇంటి గాదెలో పడేశారు. పియుట్ అన్నం తీసుకెళితే కాపలావాడు సగం తిని సగం లోపలికి తోసేవాడు. నేను రోజూ తారిప్‌ను అడిగేవాణ్ణి, ఏం చేస్తారని. "గాపర్ ఇష్టం," అనేవాడు. నా కళ్ళలోకి చూసేవాడు కాదు. రక్తం మరకల చొక్కా మీద గాపర్ ఇచ్చిన ఆకుపచ్చ కోటు తొడుక్కునేవాడు. ఎండలో కూడా విప్పేవాడు కాదు.

కొన్నాళ్ళకు దిగువ నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు, తెల్ల దొరల సైనికులు దిగారని, ఊరూరా వస్తున్నారని చెప్పారు. గాపర్ కుర్రాళ్ళు కొందరు మాట్లాడకుండా మాయమయ్యారు. గాపర్ మొహం నల్లబడింది. ఊరు చేజారిపోతుందని తెలిసింది వాడికి. మర్నాడు పొద్దున్నే ఊరంతటినీ బడి ముందుకు రమ్మన్నాడు. పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టాడు.

మాస్టార్ని ఈడ్చుకొచ్చారు. గాదెలో ఎలుకలు కొరికిన కాలి వేళ్ళు వాచి ఉన్నాయి. పిల్లల్ని చూసి నిటారుగా నిలబడబోయాడు. గాపర్ మోకాలి వెనక తన్నాడు. పడ్డాడు.

"చెప్పు వీళ్ళకి. దేశాలు కలవడం గురించి నువ్వు చెప్పిందంతా అబద్ధమని చెప్పు."

"ఏ మాట అబద్ధం?" మాస్టారు అడిగాడు. "అది చూపించు, చెప్తాను."

తుపాకి మడమ నోటి మీద పడింది. పళ్ళు విరిగిన చప్పుడు వెనక వరసదాకా వినబడింది. చిన్న పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు.

"చెప్తావా?"

మాస్టారు నెత్తురు ఉమ్మాడు. మాట ముద్దగా వచ్చింది. "వరదొస్తే నలుగురూ వస్తారన్నాను. అది అబద్ధం కావచ్చు. వాళ్ళు రాకపోవచ్చు. బయటికి రావచ్చో లేదో తెలీదన్నాను. అది నిజం. ఇంకేం చెప్పలేదు నేను."

ఈసారి పక్కటెముకల మీద కొట్టారు. తరవాత చెవి మీద. చెవి పైభాగం చీలి వేలాడింది. మాస్టారు అరవలేదు కానీ గొంతులోంచి పిల్లి మూలిగినట్టు ఒక చప్పుడు వస్తూనే ఉంది. నేను ముందుకు నడిచాను. ఒకడు తుపాకి గొట్టం నా గొంతుకు ఆనించాడు. ఆగిపోయాను.

గాపర్ మచ్చుకత్తి తీసి తారిప్ చేతిలో పెట్టాడు.

"నువ్వు కానియ్యి. నీ బావే కదా. బయటివాడు చంపాడన్న మాట రాకూడదు."

తారిప్ కత్తి పట్టుకున్నాడు. ఠాణా దగ్గర కత్తి దించిన చేయి అది. మస్నా ముందు వరసలో ఉంది. దాని వైపు చూడకుండా మాస్టారి జుట్టు పట్టి తల వంచాడు.

"తారిప్ అన్నా!"

పియుట్ వంటింట్లోంచి వచ్చింది. చేతిలో గంజి గరిటె అలాగే ఉంది. ఆడవాళ్ళు పట్టుకోబోతే గరిటెతో ఒకామె మణికట్టు మీద కొట్టి విడిపించుకుంది.

"చంపుతావా? చంపు. ముందు ఆయన రోజు తీర్చు."

"ఏం రోజు?" గాపర్ అన్నాడు.

"నిన్నడగలేదు. అన్నా, ఆయన నీ చేలో కలుపు తీశాడా లేదా? చేతులు చితికిపోతే నేనే పసుపు పెట్టాను. నువ్వు వెక్కిరించావు కూడా. ఆ రోజు తీర్చావా?"

తారిప్ జుట్టు మీద పట్టు వదల్లేదు.

"తీర్చావా అని అడుగుతున్నా! చచ్చినవాడికి రోజెలా తీరుస్తావు? బదులు రోజు నీకు ఒక్కడికేనా? ఇక్కడున్న మగాళ్ళందర్నీ నీకు రావాల్సిన రోజులన్నీ లాక్కుని ఠాణాకి తీసుకెళ్ళావు. ఒక్కడన్నా రానన్నాడా? వాళ్ళని పిలవడానికి పనికొచ్చింది, ఆయనకి ఇవ్వడానికి పనికిరాదా?"

జనంలో గొణుగుడు పుట్టింది. దమిత్ లేచి నిలబడ్డాడు. "అమ్మాయి అన్నది న్యాయమే. నాకు ఆ పని ఇష్టమై రాలేదు నేను. రోజు అన్నావని వచ్చాను."

"మేమూ అంతే," అన్నారు ఇంకొందరు. ఊరి మగవాళ్ళ చేతుల్లోనూ కత్తులున్నాయి. గాపర్ అది చూశాడు. వాడి పక్కన మిగిలిన కుర్రాళ్ళు కొద్దిమంది.

"ఏం పిచ్చి ఊరయ్యా ఇది," అన్నాడు.

తారిప్ మాస్టారి జుట్టు వదిలేశాడు. కత్తి కింద పెట్టి ఆయన ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"చెప్పు బావా. ఏ రోజు కావాలి?"

"ఇవాళే."

"ఏం పని?"

మాస్టారు పడిన పళ్ళను నాలుకతో తడుముకున్నాడు. "లోపలికి రా. ఎందుకు కలవకూడదో పిల్లలకి నువ్వే చెప్పు. పొద్దు గూకేదాకా."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. గాపర్ మాత్రం గట్టిగా నవ్వాడు. "మంచిదే. సాయంత్రందాకా బతుకుతానంటున్నాడు. బతకనీ. పొద్దు గూకగానే నేనే వచ్చి కోస్తాను." మనుషులు చాలక నన్నే బడి గుమ్మంలో కాపలా పెట్టి, కుర్రాళ్ళను తీసుకుని రేవుకు వెళ్ళాడు.

పియుట్ మొగుడి చెవికి గుడ్డ చుట్టింది. అతను గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. పిల్లలు బల్లల మీద కూర్చున్నారు. తారిప్ భుజానున్న తుపాకి తీసి బల్ల మీద పెట్టి నల్లబల్ల ముందు నిలబడ్డాడు. 

"ఏం చెప్పాలి?" అన్నాడు.

"గాపర్ నీకు చెప్పింది కాదు. నీకనిపించింది చెప్పు," అన్నాడు మాస్టారు.

తారిప్ చేతులు కోటుకు తుడుచుకున్నాడు. "ఈ ఏరు మా తాతది. ఆ కొండ... కొండ కూడా. దొరలొచ్చారు, మమ్మల్ని అడగలేదు. ఇప్పుడు పోతున్నారు. పోతూపోతూ మమ్మల్ని ఇంకొకడి చేతిలో పెట్టి పోతున్నారు. ఇప్పుడూ అడగలేదు. బర్రెని అమ్మేటప్పుడు బర్రెని అడుగుతారా? అలాగే." మెల్లగా గొంతు లేచింది. "మలయావాడికి మన వరి తెలుసా? మన మాట తెలుసా? రేపు వాడి మనిషి వచ్చి ఇక్కడ కూర్చుంటాడు. ఎవరితో చెప్పుకుంటాం? ఏరు దాటి, సముద్రం దాటి పోయి చెప్పుకోవాలా?"

బాగా చెప్పాడు. ఒక పిల్లాడు తల ఊపాడు. మాస్టారు సుద్ద తెమ్మని సైగ చేసి, లేవలేక లేచి, తారిప్ చెప్పినవి నల్లబల్ల మీద ఒకవైపు రాశాడు. వేళ్ళ నెత్తురు సుద్దకు అంటింది. రెండోవైపు తాను ఇదివరకు చెప్పినవి రాశాడు.

"ఇప్పుడు అడగండి," అన్నాడు.

వెనక పిల్లాడు లేచాడు. "అయితే మనం ఎవరితోనూ కలవకూడదా?"

"మన మూడు దేశాలూ కలవాలి. మనం, బ్రూనై, ఉత్తర బోర్నియో."

"అది కూడా కలవడమేగా?"

"అది వేరు. మనవాళ్ళతో."

"అందులోంచి బయటికి రావచ్చా?" మరో పిల్ల అడిగింది.

"గాపర్ ఆ మాట చెప్పలేదు," అన్నాడు తారిప్. "తెలీదు."

మాస్టారు ఆ మాటనూ నల్లబల్ల మీద రాశాడు. ఆ రాసినదాని వైపు తారిప్ చూశాడు. చదవడం రాదు వాడికి. "నా మాటేనా అది?" అని అడిగాడు. "నీ మాటే," అన్నాడు మాస్టారు.

అప్పుడు మస్నా లేచింది.

"ఠాణాలో పోలీసుని ఎందుకు చంపావు నాన్నా? మనల్ని అడగనిది వాళ్ళా?"

తారిప్ మెడ నరాలు ఉబ్బాయి. కూతుర్ని కొడతాడనుకున్నాను. బల్ల పట్టుకుని నిలబడ్డాడు. "కిటికీలోంచి నా మీదికి దూకాడు," అన్నాడు. ఆ మాట తనకే చెప్పుకున్నట్టు ఉంది. మస్నా కూర్చుంది.

మధ్యాహ్నం పియుట్ అన్నం తెచ్చింది. ఎండుచేప, పులియబెట్టిన పండు పచ్చడి. ముందు తారిప్‌కే వడ్డించింది. పనికొచ్చినవాడు వాడు. వాడు ముద్ద కలిపి తినలేక కూర్చున్నాడు.

"తిను," అంది. "తిననిదే పని కాదు."

తిన్నాడు.

చేతులు కడుక్కుంటుండగా రేవు వైపు తుపాకి పేలింది. ఆ వెంటనే చాలా పేలాయి. చెక్క మీద వానచినుకులు పడ్డట్టు గుండ్లు బడి గోడకు తగిలాయి. పడవలు. సైనికులు వచ్చేశారు. గుమ్మంలోంచి చూశాను. గాపర్ నీళ్ళలో పరిగెత్తుతున్నాడు. నడుందాకా దిగాడు. వీపు మీద చొక్కా రెండుచోట్ల ఎగిరింది. మునిగాడు. మళ్ళీ లేవలేదు. వాడి కుర్రాడొకడు కడుపు పట్టుకుని మెట్ల మీద కూర్చుని అమ్మా అమ్మా అంటున్నాడు. ఇంకో గుండు వాడి తల తీసేసింది.

"కింద పడుకోండి!" మాస్టారు అరిచాడు. పిల్లలు బల్లల కింద దూరారు. నేను చేతికున్న పట్టీ కోసి పారేశాను. ఇద్దరు చిన్నపిల్లల మీద పడుకున్నాను.

తారిప్ తుపాకి అందుకున్నాడు.

"అది పెట్టు," అన్నాడు మాస్టారు. "నువ్వొకటి కాలిస్తే వాళ్ళు ఈ గదంతా కాలుస్తారు."

తారిప్ పిల్లల్ని చూశాడు. తుపాకి వెనక కిటికీలోంచి బురదలోకి విసిరేశాడు. "నేను అడవిలోకి పోతాను."

వెనకవైపు కూడా కేకలు వినబడ్డాయి. సైనికులు చుట్టుముట్టారు. తారిప్ అక్కడే ఆగాడు. ఒంటి మీద ఆకుపచ్చ కోటు. విప్పబోయాడు. కింద చొక్కా నిండా ఎండిన నెత్తురు. మళ్ళీ తొడుక్కున్నాడు.

"నా వెనక నిలబడు," అన్నాడు మాస్టారు.

"పిచ్చివాడా! నిన్ను చంపబోయాను పొద్దున్న."

"పొద్దున్న సంగతి పొద్దున్నదే. ఇప్పుడు నువ్వు నా పనిలో ఉన్నావు. నిన్ను ఇంటికి పంపాల్సింది నేను."

చేతులు రెండూ పైకెత్తి గుమ్మంలోకి నడిచాడు. గుడ్డ చుట్టిన తల, నోటి నిండా నెత్తురు. వాళ్ళ భాషలో, పిల్లలు, ఇక్కడ పిల్లలున్నారు, కాల్చకండి అని అరిచాడు. పళ్ళు లేని నోటితో ఆ మాట ఎవరికి అర్థమైందో తెలియదు. మెట్ల కింద సైనికులు ఆగారు. ఒకడు చేత్తో కిందికి రమ్మన్నాడు. మాస్టారు ఒక మెట్టు దిగాడు. దిగగానే వెనకనున్న తారిప్ కోటు వాళ్ళకు కనబడింది.

ఒకడు ఏదో అరిచాడు. తుపాకి లేచింది. మాస్టారు కావాలంటే పక్కకు తప్పుకోవచ్చు. వాళ్ళకు కావలసింది ఆయన కాదు. కానీ ఆయన చేతులు చాచి గుమ్మం రెండు గుంజలూ పట్టుకుని నిలబడ్డాడు. గాదె తలుపుకు అడ్డకర్ర వేసినట్టు. గుండ్లు ఛాతీలో దిగాయి. చేతులు గుంజలను వెంటనే వదల్లేదు. మోకాళ్ళు వంగాక వేళ్ళు జారాయి. వెనక్కి తారిప్ మీద పడ్డాడు.

తారిప్ ఆయన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాడు. సైనికులు మెట్లెక్కి వచ్చి వాణ్ణి బూట్లతో తన్ని, జుట్టు పట్టి లాగారు. వాడు ఎదురుతిరగలేదు. చేతులు కట్టి బయటికి ఈడ్చారు. వాడి వేళ్ళు మాస్టారి చొక్కాను పట్టుకుని ఉంటే మణికట్టు మీద కొట్టి విడిపించారు. ఎముక విరిగింది.

నన్ను కూడా బయట మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. వాళ్ళ అధికారి పక్కన దుబాసీ ఉన్నాడు. పట్నం మనిషి, శుభ్రమైన చొక్కా.

"చచ్చినవాడు తిరుగుబాటుదారా?"

"కాదు. బడి మాస్టారు."

"మరి వాడికి అడ్డం ఎందుకు నిలబడ్డాడు?"

"పనికి పిలిచాడు."

"ఎవర్ని?"

"తారిప్‌ని. ఇవాళ్టికి."

దుబాసీ నన్ను ఎగాదిగా చూశాడు. "సరిగ్గా చెప్పవయ్యా. చుట్టమా?"

"చుట్టమే."

అది అధికారికి చెప్పాడు. ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు.

పియుట్ ఏడవలేదు. మొగుడి కళ్ళు మూసి, మొహం మీద తన తలగుడ్డ కప్పింది. లోపల పిల్లలు ఇంకా బల్లల కిందే ఉన్నారు. లేవమని ఎవరూ చెప్పలేదు. ఆమె చేతులు పావడాకు తుడుచుకుని లోపలికి వెళ్ళింది.

"అయిపోయింది. ఇళ్ళకి పోండి," అంది. "వెనక మెట్ల నుంచి."

ఒక్కొక్కరే వెళ్ళారు. మస్నా మిగిలింది. రేవులో వాళ్ళ నాన్నను పడవలో బోర్లా పడుకోబెట్టడం కిటికీలోంచి చూస్తూ నిలబడింది. పడవ మలుపు తిరిగింది.

"అత్తా, మాస్టారు చచ్చిపోయింది మా నాన్న వల్లే కదా?"

పియుట్ దాని మణికట్టు పట్టుకుని తన ఇంటికి తీసుకెళ్ళింది. ఆ సాయంత్రం మేం గొయ్యి తవ్వి, నమాజు చదివి, చీకటిపడేలోగా ఆయన్ను పూడ్చాం. తిరిగి వచ్చేసరికి ఆమె ఆ పిల్లకు తల దువ్వి అన్నం పెడుతోంది. ఊరి ఆడవాళ్ళు గుమ్మంలో నిలబడి, చంపబోయినవాడి కూతురికి నువ్వెందుకమ్మా అన్నారు.

"ఆయన పనిలోంచి తీసుకెళ్ళారు వాణ్ణి," అంది పియుట్. "ఇంటికి పంపలేదు మేము. పంపేదాకా ఇది నాదే."

మరుసటి ఏడు దేశాలు కలిశాయి. బ్రూనై చేరలేదు. సింగపూర్ చేరి, రెండేళ్ళకే బయటికి పోయింది. ఆ కబురు రేడియోలో విన్నప్పుడు మస్నా పియుట్ ఇంట్లో గిన్నెలు తోముతోంది. తారిప్ అప్పటికి ఇంకా జైల్లోనే ఉన్నాడు.